నకిలీ ప్రొడక్ట్‌ని ఎలా పట్టుకోవాలి?

ఏదైనా అద్భుతమైన వస్తువు వీడియో కనిపిస్తే ముందు షేర్ బటన్ మీది నుంచి వేలు తీసేయండి. 2014 మార్చిలో స్కేట్‌బోర్డ్ దిగ్గజం టోనీ హాక్ హోవర్‌బోర్డ్ అనే చక్రాల్లేని బోర్డు మీద గాల్లో తేలుతున్న వీడియో వచ్చింది, డిసెంబర్‌లో అమ్మకానికి వస్తుందన్నారు, చాలామంది నమ్మేశారు. తీరా చూస్తే అది ఓ కామెడీ సైట్ చేసిన నాటకం, తర్వాత హాక్ క్షమాపణ కూడా చెప్పాడు. కాబట్టి తెలిసిన ముఖం కనిపించడం సాక్ష్యం కాదు. ఇలా గాల్లో తేలే వీడియోని ఆపి ఆపి, మనుషుల నడుము, భుజాల దగ్గర గమనించండి. తీగలతో వేలాడదీస్తే కాళ్ల మీద బరువు పడదు, బట్టలు పైకి లాగినట్టుంటాయి.

తర్వాత సైన్సు. చేపలా నీళ్లలో ఊపిరి పీల్చుకోవచ్చంటూ 2016లో ట్రైటన్ అనే పరికరానికి నెట్‌లో లక్షల డాలర్లు పోగయ్యాయి. కానీ లీటరు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ కొన్ని మిల్లీగ్రాములే, మనిషికి అదేం సరిపోతుంది?

అన్నిటికన్నా నాకు భయం వేసేది ఐఫోన్‌ని మైక్రోవేవ్‌లో పెడితే ఛార్జ్ అవుతుందన్న 2014 నాటి పోస్టర్. అచ్చం యాపిల్ ప్రకటనలాగే ఉంది! ఇలాంటివాటికి కంపెనీ అసలు సైట్‌లో ఆ ఫీచర్ ఉందో లేదో చూడండి, రెండు నిమిషాల పని. లేకపోతే పంపినవాళ్లకి వెంటనే చెప్పండి, ఈలోపు ఎవరైనా ప్రయత్నించేస్తారు.