పాత పికప్ బాడీ, పెయింట్ పని: కొటేషన్ ఎలా అడగాలి, డబ్బు ఎక్కడ పెట్టాలి

పదేళ్లు దాటిన పికప్‌ని షెడ్డుకి తీసుకెళ్లి "బాడీ, పెయింట్ కలిపి ఎంతవుతుంది?" అని మాత్రం అడగకండి. అలా అడిగితే మేస్త్రి బండి చుట్టూ ఒకసారి తిరిగి ఒక అంకె చెప్తాడు. అందులో రేకు ఎంత, లప్పం ఎంత, పెయింట్ ఏ రకం, ఏదీ తేలదు. మా బండికి మొదట విన్న అంకె 45,000. చివరికి మేం పెట్టింది లక్ష. అయినా ఆ 45,000 పనే దండగ అని నా లెక్క. తుప్పు మీద లప్పం పూసి రంగు కొడితే ఒకటి రెండు వానాకాలాలకే బుడగలు లేస్తాయి, మళ్లీ షెడ్డుకి వెళ్లాల్సిందే.

మాది కడియం వైపు నర్సరీ. లెక్కలు నేను చూస్తాను. బండి 2010 మోడల్ మహీంద్రా పికప్, తెల్లది. మొక్కల లోడంటే తడి మట్టి. ఎక్కించిన దగ్గర్నుంచి దించేదాకా నీళ్లు కారుతూనే ఉంటాయి. ఎరువు బస్తాలూ ఇందులోనే వస్తాయి. ఎరువుల్లోని లవణాలు తేమతో కలిస్తే ఇనుముని వట్టి నీళ్లకంటే తొందరగా తినేస్తాయి. రొయ్యలు, చేపలు తోలే బండ్లకి ఇంకా కష్టం. కిరాణా సరుకు మోసే బండయితే మీకు ఇంత ఖర్చు కాకపోవచ్చు.

కొటేషన్‌కి ముందు సర్వీసింగ్ సెంటర్లో కింద ఛాసిస్ అంతా ప్రెషర్ వాటర్‌తో కడిగించి, బాగా ఆరనివ్వండి. క్యాబిన్‌లో మ్యాట్లన్నీ తీసేయండి. ఒక స్క్రూడ్రైవర్, ఒక అయస్కాంతం తీసుకోండి. డ్రైవర్ కాళ్ల దగ్గర ఫ్లోరు, డోర్ల అడుగు అంచు, ఫుట్‌స్టెప్పు, ముందు అద్దం రబ్బరు కింది మూలలు, క్యాబిన్ వెనక గోడ అడుగు, లోడ్ బాడీ కింద అడ్డంగా ఉండే క్రాస్ ఛానెళ్లు. తుప్పు ఎక్కువగా దొరికేది ఈ చోట్లే. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. టంగుమంటే రేకు బాగుంది. పొరలు రాలినా, మొన దిగినా అక్కడ కొత్త రేకు పడాల్సిందే. అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి డోర్ల మీద జరపండి. పట్టు వదిలేసిన చోట పాత లప్పం మందంగా ఉన్నట్టు. దొరికిన ప్రతి చోటా సుద్దముక్కతో గీసి, ఫోన్లో ఫొటో తీసుకోండి. ఇక మేస్త్రిని అడగాల్సింది ఈ గీతల గురించే: "మేస్త్రిగారూ, ఇక్కడ కోసి కొత్త రేకు వేస్తారా, లప్పం పెడతారా?"

ఛాసిస్ పొడవాటి ఛానెళ్లలోనే మొన దిగితే అక్కడితో ఆగిపోండి. ఆ బండికి పెయింట్ ఖర్చు పెట్టొద్దు. పైపైన ఎర్రగా ఉన్న తుప్పయితే వైర్ బ్రష్ కొట్టించి, ప్రైమర్, నల్ల పెయింట్ వేయిస్తే చాలు. ఒక్క జాగ్రత్త. ఛాసిస్ నంబరు కొట్టిన చోట గ్రైండర్ తగలకూడదు, మందంగా రంగు పడకూడదు. ఆ నంబరు చదవడానికి రాకపోతే ఫిట్‌నెస్ పరీక్ష దగ్గర తలనొప్పి. రవాణా బండ్లకి ఎనిమిదేళ్లు దాటాక ఫిట్‌నెస్ ఏటా ఉంటుంది కదా. పని మొదలయ్యే ముందే అక్కడ గ్రీజు రాసి టేపు వేయించండి.

కొటేషన్ ముక్కలుగా రాయించుకోండి. 2024లో మాకైన లెక్క ఇది. క్యాబిన్ టింకరింగ్ (రేకు కోసి, కొట్టి సరిచేసే పని) కూలి 18,000. దానికి రేకు, వెల్డింగ్ 7,000. లోడ్ బాడీకి ఫ్లోరు, క్రాస్ ఛానెళ్లు, పక్క డోర్ల రిపేరు కలిపి 32,000. పెయింటర్ కూలి 16,000. పెయింట్, ప్రైమర్, లప్పం, థిన్నర్, వాటర్ పేపర్లు 19,000. అద్దాల బీడింగులు, డోర్ రబ్బర్లు, హ్యాండిళ్లు, లైట్లు 8,500. మొత్తం 1,00,500. ఇందులో రేకు పనే 57,000, పెయింట్ 35,000. మన బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ బాడుగ బండికి ఇంకో 15,000 అయింది. ఈ ఆఖరిది ఏ కొటేషన్లోనూ కనపడదు, ముందే పక్కన పెట్టుకోండి. ఊరుని బట్టి, షెడ్డుని బట్టి అంకెలు మారతాయి గానీ, పాడైన బండికి పెయింట్ కంటే రేకుకే ఎక్కువ పోతుంది.

రేకు దగ్గర రెండు విషయాలు గట్టిగా అడగండి. ఒకటి గేజ్, అంటే రేకు మందం. గేజ్ అంకె తగ్గేకొద్దీ రేకు మందం. క్యాబిన్‌కి 20 గేజ్, ఫుట్‌స్టెప్పు లాంటి బరువు పడే చోట 18 గేజ్ వేయించాం. రెండోది వెల్డింగ్. గ్యాస్ వెల్డింగ్ వేడికి పలచటి రేకు వంకర పోతుంది, ఆ వంకర దాచడానికి మళ్లీ లప్పం. వేడి తక్కువ పాకే సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ వాడే కరెంటు వెల్డింగ్) ఉన్న షెడ్డయితే కూలి కాస్త ఎక్కువైనా అక్కడే చేయించండి. వెల్డింగ్ మొదలుపెట్టేముందు బ్యాటరీ వైర్లు పీకించాలి. డీజిల్ ట్యాంకు దగ్గర పని ఉంటే ట్యాంకు దింపించాలి. "ఏం కాదులే" అంటే ఒప్పుకోకండి.

లోడ్ బాడీ ఫ్లోరుకి ఎంత మందం ఉంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. ఒక మిల్లీమీటరు మందం ఇనుప రేకు చదరపు మీటరుకి 7.85 కిలోలు తూగుతుంది. మా ఫ్లోరు ఎనిమిది అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు. 3 మి.మీ. చెకర్ ప్లేట్ (జారకుండా పైన గీతలు తేలిన రేకు) వేస్తే దగ్గర దగ్గర వంద కిలోలు. 5 మి.మీ. అయితే 160. ఆ అరవై కిలోలూ రోజూ మనం డీజిల్ పోసి మోయాలి, అంత లోడూ తగ్గించుకోవాలి. మేం 3 మి.మీ. వేయించి, మిగిలిన డబ్బు క్రాస్ ఛానెళ్ల మీద పెట్టాం. నాలుగు మూలలా నీళ్లు పోయే కంతలు పెట్టించండి. తడి సరుకు వేసేవాళ్లకి ప్లేట్ మందం కంటే ఆ కంతలే ముఖ్యం.

లప్పం అసలు వద్దని కాదు. సుత్తి దెబ్బల ఎగుడుదిగుళ్లు సరిచేయడానికి రెండు మూడు మిల్లీమీటర్లలోపు పెడితే తప్పు లేదు. కంతలు పూడ్చడానికి వాడితేనే తప్పు. హార్డెనర్ (గట్టిపడే మందు) కలిపే లప్పం, అదే ప్యాచ్ పుట్టీ, నీళ్లు పీలుస్తుంది కాబట్టి దాన్ని పొడిగానే రుద్దమనండి. శుభ్రం చేసిన ఇనుముని రాత్రంతా అలా వదలకూడదు. గోదావరి పక్క తేమకి తెల్లారేసరికి ఎర్రబడుతుంది. అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ పడాలి.

పెయింట్‌లో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) చవక, తొందరగా ఆరుతుంది, తొందరగానే వెలిసిపోతుంది. డీజిల్ ఒలికినా మరక పడుతుంది. హార్డెనర్ కలిపి కొట్టే పీయూ (పాలియురెథేన్) మాకు లీటరుకి దాదాపు రెట్టింపు చెప్పారు. క్యాబిన్‌కీ, లోడ్ బాడీ బయటి వైపుకీ పీయూ వేయించాం. లోడ్ బాడీ లోపల కుండీలు రోజూ గీస్తాయి, అక్కడ మంచి ప్రైమర్ మీద మామూలు ఎనామెల్ చాలు. మెటాలిక్ రంగు జోలికి పోవద్దు. దానికి పైన క్లియర్ కోటు కావాలి, రేపు ఒక డోరుకి గీత పడితే కలపడం కష్టం. రంగే మార్చాలనుకుంటే అది ఆర్సీలో రాసి ఉంటుంది, ఆర్టీఏ ఆఫీసులో మార్పించాలి. వానాకాలంలో పెయింట్ పెట్టుకోకండి, గాలిలో తేమకి రంగు మీద తెల్లటి పొర వస్తుంది. మాకు జూన్ నుంచి మొక్కల సీజన్, అందుకే ఫిబ్రవరి, మార్చి చూసుకున్నాం.

పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే గన్‌లోంచి వచ్చే ఆ తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు. మూతికి కట్టుకునే తువ్వాలు దాన్ని ఆపదు. గన్ పట్టే కుర్రాడికి కార్ట్రిడ్జ్ మాస్కు (రసాయనాల ఆవిరిని ఆపే ఫిల్టరున్నది) ఉందో లేదో అడగండి. లేకపోతే కొనివ్వండి, ఆ ఖర్చు మన పనిలో భాగమే. నేను కొనిచ్చాను, పెట్టుకున్నాకే పని మొదలుపెట్టమన్నాను.

డబ్బు ఒకేసారి ఇవ్వకండి. అడ్వాన్సు కొంత ఇవ్వండి. రేకు పని అయ్యాక, లప్పం పెట్టకముందు వెళ్లి చూసి ఇంకొంత ఇవ్వండి. ఈ మధ్యలో చూడటం చాలా ముఖ్యం, ప్రైమర్ పడ్డాక కింద ఏముందో ఎవరికీ తెలీదు. పెయింట్ డబ్బాలు మీరే కొని, మీ ఎదురుగా మూత తీయించండి. ముందు అద్దం తీసేటప్పుడు పగిలితే ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి. ఫిట్‌నెస్‌కి కావాల్సిన రిఫ్లెక్టివ్ టేపు, ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు, రంగు బాగా ఆరాకే అంటించాలి.

బండి తెచ్చుకునే రోజు మెరుపు చూసి సంతకం పెట్టేయకండి. డోర్లు, అద్దాలు మూసి నీళ్ల పైపు పెట్టించండి. లోపల మ్యాట్లు ఎత్తి చేత్తో తడమండి, అద్దం మూలల్లో వేలు పెట్టి చూడండి, డోర్ల అడుగున ఉన్న కంతల్లోంచి నీళ్లు కిందికి పోతున్నాయో లేదో చూడండి. లోపల పొడిగా ఉంటేనే ఆఖరి పదివేలు చేతిలో పెట్టండి.