భూపాలపల్లి బూడిదతో వడపోత బిళ్ల

నీళ్లు వడకట్టే ఈ బిళ్లకు భూపాలపల్లి థర్మల్ ప్లాంటు బూడిదే కావాలి, పొయ్యి బూడిద పనికిరాదు. మాస్క్ కట్టుకుని సన్న జల్లెడ పట్టండి. 100 గ్రాముల బూడిదకు 25 గ్రాముల చీనా మట్టి, 20 గ్రాముల సున్నపురాయి పొడి, 4 గ్రాముల బోరిక్ యాసిడ్ నా కొలత. నీళ్లు చిలకరించి కలపండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే పొడిగా రాలాలి. బిళ్లలు ప్రెస్ చేసి, 110 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టండి.

అసలు టెన్షన్ ఫర్నేస్‌తోనే. నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 950 దాకా వెళ్లండి. 800 చుట్టుపక్కల సున్నపురాయి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ వాయువు పోయిన దారులే మనకు కావలసిన రంధ్రాలు. అక్కడ తొందరపడ్డారో, బిళ్ల పగులుతుంది.

చల్లారాక నీళ్లలో నానబెట్టండి. సున్నం మిగిలిపోయిన బిళ్ల అక్కడే విచ్చిపోతుంది.

వరంగల్‌లోని కొత్తవాడ బట్టల అద్దకం నీళ్లలోని మడ్డి, నూలు పోగులు దీనికి ఆగుతాయి. కరిగిన రంగు ఆగదు, ఎవరెంత చెప్పినా నమ్మకండి.