వాన రాత్రికి పాత గోతిక్ రొమాన్స్ ఎట్టా చదవాలంటే

నెల్లూరులో నవంబర్ వాయుగుండం పట్టిందంటే యాడికీ కదిలే పనుండదు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, పాత గోతిక్ రొమాన్స్, అదే పెద్ద బంగళా, రహస్యం, భయం కలిసిన ఇంగ్లీషు ప్రేమ నవల, తీయాల్సింది అప్పుడే. మే నెల ఎండల్లో మొదలుపెడితే ఆ రాసేవాళ్లు ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ పొగమంచు గురించి పేజీలు పేజీలు రాస్తుంటారు, మనకేమో చెమట తుడుచుకోడమే సరిపోద్ది.

పాత పుస్తకాల్లో వెతికేటప్పుడు అట్ట చూస్తే చాలు. జుట్టు విరబోసుకుని ఒకమ్మాయి పరిగెత్తుతుంటది, వెనక పెద్ద బంగళా, ఒక్క కిటికీలోనే లైటు. 1960, 70ల్లో అమెరికాలో ఇట్టాంటి అట్టల పేపర్‌బ్యాకులు గుట్టలుగా వచ్చాయి. కొనేముందు చివరి పేజీలున్నాయో లేదో తిప్పి చూడండి, దోషి ఎవరో తేలేది ఆఖర్లోనే గదా.

మొదటిసారైతే విక్టోరియా హోల్ట్ రాసిన మిస్ట్రెస్ ఆఫ్ మెల్లిన్ (1960) పట్టుకోండి. చేతిలో డబ్బుల్లేని అమ్మాయి పెద్దింట్లో పిల్లకి చదువు చెప్పడానికొస్తుంది, ఆ ఇంటాయన భార్య పోయింది, అసలేం జరిగిందో ఎవరూ సరిగ్గా చెప్పరు. ఇట్టాంటి కథల్లో రాత్రిపూట కొవ్వొత్తి పట్టుకుని ఒంటరిగా బయల్దేరే సీన్ ఒకటి ఖాయం, పోబాకమ్మా పోబాక అని మనం అనుకుంటానే ఉంటాం, ఆమె పోనే పోతది, మజా అంతా అక్కడే. వర్ణనలు విసుగొస్తే దాటేయండి, ఏం పోదు.

మగాళ్లు ఇద్దరుంటే నవ్వుతా మర్యాదగా మాట్లాడేవాడి మీద ఒక కన్నేసి ఉంచండి, చిటపటలాడేవాడే ఎక్కువసార్లు మొగుడయ్యేది. నాకు ఒళ్లు మండేది కూడా ఇక్కడే. వాడు అరుస్తాడు, నిజం దాస్తాడు, చెయ్యి పట్టి గుంజుతాడు, ఆమెకేమో గుండె దడదడ, అదే ప్రేమంట! మన ఇళ్లల్లో ఇట్టాంటి సంబంధమొస్తే వాకిట్లోంచే పంపించేస్తారు.

వీటన్నిటికీ అమ్మలాంటి జేన్ ఐర్ (1847) నవల చూడండి, అందులో హీరో రోచెస్టర్ దొర మొదటి పెళ్లాన్ని మూడో అంతస్తులో తాళమేసి పెట్టి రెండో పెళ్లికి చర్చి దాకా పోతాడు. ఆ మొదటామె జమైకా నుంచి 30 వేల పౌండ్ల కట్నంతో వచ్చిన మనిషి, కట్నం అక్కరకొచ్చింది గానీ ఆమె గోడు మాత్రం ఒక్క ముక్క వినపడదు, అంతా ఆయన చెప్పిందే. అందుకే అది అయిపోయాక జీన్ రిస్ 1966లో ఆమె వైపు నుంచి రాసిన వైడ్ సర్గాసో సీ చదవండి. సన్న పుస్తకమే, కాకపోతే మధ్యలో కథ చెప్పే మనిషి మారిపోతాడు, పేరు కూడా ఇవ్వరు, అది మొగుడని గుర్తుపెట్టుకుంటే తికమక ఉండదు.