జాలీ కట్టినా కోళ్లు పోతున్నాయా? ముందు అడుగున చూడండి

గుంటూరు చుట్టుపక్కల నుంచి ఈ ఫిర్యాదు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లోనే వస్తుంది. "చుట్టూ జాలీ కొట్టించాం, పైన రేకు వేయించాం, తాళం కూడా వేస్తున్నాం, అయినా పెట్టలు పోతున్నాయి" అంటారు. ఫొటోలు పంపమంటే తలుపు, గడియ, పైకప్పు పంపుతారు. దొడ్డి నేలకు ఆనే చోటు ఫొటో మాత్రం ఎవరూ పంపరు. గడ్డి పీకి అక్కడ చూశారా అంటే "అది ఇటుక కట్టండీ, అక్కడేముంటుంది" అంటారు. ఉండేది అక్కడే.

కోడి ఏ వేళ పోయింది, ఎలా పోయింది అన్నది ముందు తేల్చుకోండి.

రాత్రి పోయింది, తల లేదు, ఒళ్లు జాలీ పక్కనే పడి ఉంది

లోపలికి ఏదీ రాలేదు. జాలీకి ఆనుకుని పడుకున్న కోడిని పిల్లో, మానుపిల్లో బయట నుంచే పంజా పెట్టి లాగింది. ఆరు మూలల సన్న తీగ జాలీ ఉన్న దొడ్లలోనే ఇది ఎక్కువ. కోడి బయటకు పోకుండా ఉండటానికి ఆ జాలీ సరిపోతుంది, బయటిది లోపలికి రాకుండా ఆపడం దాని వల్ల కాదు. కింద రెండడుగుల ఎత్తు వరకు అరంగుళం గళ్ల వెల్డ్ మెష్ (తీగలు కలిసే ప్రతి చోటా వెల్డింగ్ చేసిన గట్టి జాలీ) వేయండి, ఆ పైన అంగుళం గళ్లయినా చాలు. తీగ మందం 16 గేజ్ అడగండి. గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. చవక కదా అని 22 తెచ్చుకుంటే ఊరకుక్క పళ్లతోనే చించేస్తుంది. కోళ్లు పడుకునే కర్రను జాలీకి అడుగు దూరం జరపండి.

ఒకే రాత్రి చాలా కోళ్లు చచ్చాయి, తినకుండా వదిలేసి పోయింది

కుక్కలు. చినిగిన జాలీ, లేదా వదులు గడియ. జాలీ మార్చండి, గడియకు తోడు ఒక కొక్కెం పెట్టండి.

గుడ్లు పెంకుతో సహా మాయం

పాము అయి ఉండొచ్చు. మధ్యాహ్నానికల్లా గుడ్లు తీసేయండి, అరంగుళం మెష్‌లో ఎక్కడా ఊడిన గడి లేకుండా చూసుకోండి. పెంకులు పగిలి అక్కడే పడి ఉంటే పామును అనుమానించక్కర్లేదు. కాకి, పందికొక్కు, ముంగిసల్లో ఏదో ఒకటి.

పట్టపగలు పోయింది, జాలీ బాగానే ఉంది, కన్నం కనపడదు

అందరూ బోల్తా పడేది ఇక్కడే. ముంగిస పగలు తిరిగే జంతువు. ఇంట్లో వాళ్లు పనులకు పోయాక వస్తుంది. అందుకే రాత్రి తాళాలు, లైట్లు, కాపలా ఏవీ దీనికి పనికిరావు.

అది ఎలా దూరిందో తెలియాలంటే నేల సంగతి తెలియాలి. గుంటూరు వైపు చాలా చోట్ల నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలిస్తుంది. మనం దొడ్డి కట్టించేది ఎక్కువగా చలికాలంలో, నేల ఇంకా కాస్త తేమగా ఉన్నప్పుడు. ఒక వరస ఇటుక పేర్చి, సిమెంటు పూసి, దాని మీద ఫ్రేము నిలబెడతారు. ఏప్రిల్ ఎండలకు నేల దిగిపోతుంది, ఇటుక వరస మాత్రం సిమెంటు బిగువుతో అక్కడే నిలిచి ఉంటుంది. అడుగున మూడు వేళ్లు పట్టే సందు పడుతుంది. ఎండుగడ్డి, రాలిన ఆకులు దాన్ని కప్పేస్తాయి. మినుము, పెసర కోతలయ్యాక చేలల్లోంచి ఇళ్ల వైపు వచ్చే పందికొక్కులు ఆ నెర్రెనే తవ్వి సొరంగం చేసుకుంటాయి. వాటి వెనకే ముంగిస వస్తుంది.

తొలకరి పడగానే మట్టి ఉబ్బి నెర్రె మూసుకుంటుంది, కోళ్లు పోవడం ఆగుతుంది. ఆ ముందు వారం ఇంటివాళ్లు ఏం చేసి ఉంటే ఆ పేరు దానికి వస్తుంది, అది కొత్త తాళమైనా సరే, గుమ్మానికి కట్టిన నిమ్మకాయైనా సరే. మళ్లీ ఏప్రిల్‌లో మొదటికొస్తుంది.

అనుమానం ఉంటే ఒక బకెట్ నీళ్లు చాలు. ఇటుక వరస బయట గడ్డి పీకేసి, అంచు వెంబడి మెల్లగా పోస్తూ నడవండి. మామూలు నేల మీద నీళ్లు కాసేపు నిలుస్తాయి. ఒక చోట గుటుక్కున దిగిపోయి, దొడ్డి లోపల ఇంకో చోట తడి తేలితే దారి దొరికినట్టే.

ఆ కన్నంలో సిమెంటు పోయకండి. వానలకు మట్టి ఉబ్బి ఆ సిమెంటును పగలగొడుతుంది, ఎండాకాలం దాని పక్కనే కొత్త నెర్రె తీస్తుంది. నెర్రెను పూడ్చడం కాదు, దాన్ని కప్పాలి. రెండడుగుల వెడల్పు వెల్డ్ మెష్‌ను దొడ్డి చుట్టూ బయట వైపు నేల మీద పరవండి. గోడ మెష్ అడుగును కొంచెం బయటికి వంచి, పరిచిన మెష్ మీద నాలుగంగుళాలు ఎక్కేలా పెట్టి, ప్రతి బెత్తెడుకూ బైండింగ్ వైరుతో కట్టండి. పైన రెండంగుళాల మట్టి, అక్కడక్కడా రాళ్లు. తవ్వే జంతువు గోడ మొదట్లోనే గోరు పెడుతుంది, కింద తీగ తగులుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. నేల కిందికి దిగితే మెష్ కూడా దానితో పాటే వంగుతుంది, ఇటుకలా గాల్లో నిలబడదు.

మూలల దగ్గర జాగ్రత్త. నేల మీద పరిచిన మెష్ పట్టీలు రెండు వైపుల నుంచి కలిసే చోట చతురస్రం ముక్క విడిగా కోసి వేయకపోతే ఖాళీ మిగులుతుంది. పని బాగా చేసిన మేస్త్రీలు కూడా అక్కడే వదిలేస్తారు. తలుపు గడప కిందా పట్టీ పోవాలి.

విజయవాడ వైపు కృష్ణ ఒడ్డు ఒండ్రు నేలల్లో నెర్రెలు తక్కువే, కానీ మెత్తటి మట్టి కాబట్టి తవ్వడం ఇంకా తేలిక. వైద్యం ఇదే.

దొడ్డి దగ్గర ఎలుకల మందు పెట్టొద్దు, అది తిని చచ్చిన ఎలుకను కోడి పొడిచినా ప్రమాదమే. ముంగిసకు బోను, ఉచ్చు ఆలోచనే వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టినా, చంపినా నేరం. భయపడి చుట్టూ రేకులు బిగించేవాళ్లూ ఉన్నారు. మే నెల వడగాడ్పులకు ముంగిస కంటే ముందు ఆ రేకులే కోళ్లను చంపుతాయి.

మిగిలినవి చిన్నవి. గద్ద ఎత్తుకుపోతుంటే పైన నైలాన్ వల కట్టండి, కాకులు పిల్లల్ని పొడుస్తుంటే నెలరోజులు గంప కింద పెట్టండి. నక్క అంటారా, ఊరి బయట చేను పక్కన ఉంటే తప్ప దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. పైన చెప్పిన పట్టీ ఉంటే అదీ తవ్వలేదు.