చలికాలంలో ఎంజీబీని ఇంట్లో విప్పబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

బ్రిటన్‌లో చలి ముదిరి రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలైతే పాత స్పోర్ట్స్ కార్లు గ్యారేజీల్లోకి చేరతాయి. వసంతం దాకా వాటికి మరమ్మతుల కాలం. అలా ఇంట్లో విప్పే కార్లలో ఎంజీబీది ముందువరస. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో తయారైంది, గట్టి పైకప్పున్న జీటీ మోడల్‌తో కలిపి 5 లక్షలకు పైనే. 1798 సీసీ ఇంజిన్, బ్రిటన్‌లో అమ్మిన బళ్లకు రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, కంప్యూటర్ ఊసే లేదు. విడిభాగాలు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. బోల్టు విప్పడం, బిగించడం వచ్చినవాళ్లెవరికైనా ఈ బండి లొంగుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. సులువుగా ఊడొస్తోంది కదా అని పెట్రోలు, కరెంటు, బరువు సంగతి తేల్చకుండానే పనిలోకి దిగిపోతారు.

లోపలికి తోసే ముందు

నిండు ట్యాంకుతో బండిని లోపల పెట్టకండి. 1960ల మధ్య నుంచి వచ్చిన ఎంజీబీల ట్యాంకులో 50 లీటర్లకు పైనే పడుతుంది. ట్యాంకు దించాలంటే అదంతా డబ్బాల్లోకి తీయాలి. బ్రిటన్‌లో ఇంటి దగ్గర అధికారులకు తెలపకుండా డబ్బాల్లో ఉంచుకోగల పెట్రోలు 30 లీటర్లు మాత్రమే. ప్లాస్టిక్ డబ్బా 10 లీటర్లు, ఇనప డబ్బా 20 లీటర్లు మించకూడదు. ట్యాంకు దించాల్సిన పనైతే సెప్టెంబరు నుంచే తక్కువ పోయించుకుంటూ వచ్చి, అయిదారు లీటర్లు మిగిలాక లోపలికి తేవడం మేలు.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేల వెంబడే పాకుతుంది, గుంట ఉంటే అందులో నిలిచిపోతుంది. ఇక్కడ చాలా ఇళ్లలో గ్యాస్ బాయిలర్ గ్యారేజీలోనే ఉంటుంది. పెట్రోలు పైపు ఊడదీసేది ఆరుబయటే. గ్యారేజీలోనే తప్పదనుకుంటే బాయిలర్ కట్టేసి, తలుపు బార్లా తీసి మొదలుపెట్టండి. చలికి హీటర్ పెట్టుకుని కార్బురేటర్ విప్పడం మాత్రం వద్దే వద్దు. మంటలార్పే సిలిండర్ గుమ్మం దగ్గర ఉండాలి, బండి వెనకాల గోడకు కాదు. అవసరం పడ్డప్పుడు మంట దాటి వెళ్లి తెచ్చుకోలేరు.

రోడ్డు మీదికి తీయరు, ట్యాక్స్, ఇన్సూరెన్స్ వదిలేస్తున్నారు అంటే బ్రిటన్ వాహన రిజిస్ట్రేషన్ల సంస్థ డీవీఎల్‌ఏకి సోర్న్ ప్రకటన (బండి రోడ్డెక్కదని తెలపడం) ఇవ్వాలి. ట్యాక్స్ సున్నా అయిన 40 ఏళ్లు దాటిన బళ్లకూ ఇది వర్తిస్తుంది.

కూలెంట్ సంగతి. రేడియేటర్ ఖాళీ చేస్తే ఇంజిన్ బ్లాకు కూడా ఖాళీ అయినట్టు కాదు. బ్లాకుకు వెనకవైపు విడిగా ఒక డ్రెయిన్ ఉంటుంది. ఏళ్ల తరబడి పేరుకున్న బురద దాన్ని మూసేస్తుంది. విప్పగానే నీళ్లు రాలేదంటే లోపల లేవని అర్థం కాదు, తీగ పెట్టి పొడవండి. మిగిలిపోయిన ఉత్త నీళ్లు గడ్డకడితే కోర్ ప్లగ్గులు (బ్లాకు రంధ్రాలకు బిగించిన రేకు మూతలు) బయటికి తన్నుకొస్తాయి, బ్లాకే పగిలినా పగులుతుంది. ఖాళీగా వదలడం కంటే పాత ఇంజిన్లకు వాడే నీలిరంగు యాంటీఫ్రీజ్, నీళ్లు సగం సగం కలిపి నింపి ఉంచడమే నయం. కిందపడ్డది వెంటనే తుడిచేయండి. తియ్యగా ఉంటుంది, పిల్లులూ కుక్కలూ నాకి చచ్చిపోతాయి.

బ్యాటరీ తీగ: ముందు ఏది?

"ముందు నెగెటివ్ తీసెయ్" అన్నది ఇప్పటి కార్ల అలవాటు. 1967 చివరిదాకా వచ్చిన ఎంజీబీలు పాజిటివ్ ఎర్త్. అంటే బాడీకి కలిపింది ప్లస్ తీగ. అందులో అలవాటుకొద్దీ మైనస్ నట్టు మీద పానా పెట్టి, అవతలి కొస బాడీకి తగిలిందంటే మధ్యలో ఫ్యూజు ఏమీ లేకుండా బ్యాటరీ మొత్తం ఆ పానాలోంచే పారుతుంది. పానా ఎర్రబడుతుంది, చేతికి ఉంగరం ఉంటే వేలు కాలుతుంది. గుర్తుంచుకోవాల్సింది ప్లస్సో మైనస్సో కాదు: బాడీకి బిగించిన తీగ ఏదో కంటితో చూసి, ముందు దాన్ని తీయండి, బిగించేటప్పుడు చివర్న బిగించండి.

1970ల మధ్యదాకా వచ్చిన బళ్లలో సీట్ల వెనక నేల కింద రెండు 6 ఓల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి. చోటు ఇరుకు, చుట్టూ ఇనుమే. టెర్మినళ్ల మీద రబ్బరు చాప ముక్క కప్పి పని చేయండి. బ్యాటరీలు బయటికి తీసినప్పుడే అవి కూర్చునే తొట్ల అడుగు చూడండి, యాసిడ్‌కి తుప్పు తినేసి జల్లెడైన తొట్లు మామూలే.

పాత యజమానులు ఎవరో మధ్యలో నెగెటివ్ ఎర్త్‌కి మార్చి ఉండొచ్చు. బండి తయారైన సంవత్సరాన్ని నమ్మి కొత్త సామాను బిగించకండి, మీటరు పెట్టి చూడండి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మాడ్యూల్ తలకిందులుగా కలిపితే రెండో అవకాశం ఇవ్వదు. మీరే మారుస్తుంటే కాయిల్ తీగలు అటూ ఇటూ మార్చాలి, డైనమోకి మళ్లీ పోలారిటీ పట్టించాలి, ఎలక్ట్రానిక్ ట్యాకోమీటర్‌కి లోపల మార్పు చేయించాలి. పెట్రోలు పంపులో డయోడ్ ఉందేమో కూడా చూసుకోవాలి.

ఫ్యూజు లేని తీగలు

ఈ కార్లకు కరెంటు సామాను ఇచ్చిన ల్యూకాస్ కంపెనీ వైరింగ్ మీద జోకులకు లెక్కలేదు గానీ, అసలు గొడవ వేరు. గోధుమరంగు తీగ ఎప్పుడూ కరెంటు ఉండేది, తెల్లది ఇగ్నిషన్‌ది, హెడ్‌లైట్లకు పోయేవి నీలం. ఈ మూడింటికీ ఫ్యూజు లేదు. ఆకుపచ్చ, ఊదా తీగలకు ఉంది. డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ తీసేయాల్సింది ఇందుకే. అక్కడ ఒక్క గోధుమ తీగ కొస బాడీకి తగిలితే వైరింగ్ కట్ట మొత్తం కరిగి ముద్దవుతుంది. ఈ చలికాలం చేయదగ్గ అప్‌గ్రేడ్ ఒక్కటే అంటే మా ఓటు దీనికే: పెట్రోలు పంపుకి ఇన్‌లైన్ ఫ్యూజు, హెడ్‌లైట్లకు రిలేలు, ఫ్యూజులు.

ఉన్న ఫ్యూజుల్లోనూ ఒక మెలిక ఉంది. వాటి మీద రాసి ఉండే 35 ఆంపియర్లు బ్రిటిష్ పద్ధతిలో కాలిపోయే అంకె. నిలకడగా మోయగలిగేది 17 మాత్రమే. ఇప్పటి ఫ్యూజుల మీద ఉండేది మోయగలిగే అంకె. 35 అని చూసి ఇప్పటి 35 తెచ్చి పెడితే ఫ్యూజు బాగానే ఉంటుంది, తీగ కాలుతుంది.

ఇంజిన్‌కీ బాడీకీ మధ్య అల్లిన ఎర్త్ పట్టీ ఒకటి ఉంటుంది. ఇంజిన్ దించి మళ్లీ ఎక్కించినప్పుడు దాన్ని మరిచిపోతుంటారు. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి సెల్ఫ్ కొట్టగానే ఆ కరెంటంతా చోక్ కేబులో, యాక్సిలరేటర్ కేబులో వెతుక్కుంటుంది. చోక్ కేబుల్లోంచి పొగ వచ్చిందంటే ముందు ఈ పట్టీనే చూడండి.

బండి కిందికి దూరే ముందు

బండి బరువు దాదాపు టన్ను. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. సిల్ (తలుపు కింద పొడుగునా ఉండే రేకు పెట్టె) కింద కంపెనీ ఇచ్చిన జాక్ పాయింట్ ఉంటుంది. దాన్ని మరిచిపోండి. యాభై ఏళ్ల బండిలో ఆ చుట్టుపక్కల రేకు బయటికి నున్నగా ఉండి లోపల పొడిపొడి అయి ఉండొచ్చు. ముందువైపు అడ్డదూలం (క్రాస్‌మెంబర్) కింద, వెనక యాక్సిల్ కింద జాకీ పెట్టి ఎత్తండి. స్టాండ్లు ముందు ఛాసిస్ రైళ్ల కింద, వెనక లీఫ్ స్ప్రింగు ముందు బ్రాకెట్ దగ్గర నిలబెట్టండి. స్టాండు తలకీ బాడీకీ మధ్య చెక్క ముక్క. ఆ తర్వాత బండిని రెండు చేతులతో గట్టిగా ఊపండి. కదిలితే అప్పుడే కదలాలి, మీరు కింద ఉన్నప్పుడు కాదు. తీసిన చక్రాలను సిల్ కిందికి తోసి ఉంచండి.

ముందు సస్పెన్షన్ విప్పేటప్పుడు కాయిల్ స్ప్రింగు నొక్కుకుని కూర్చుని ఉంటుంది. కింద పళ్లేనికి జాకీ ఆన్చి, కంప్రెసర్ వేసి, మెల్లగా వదలాలి. బోల్టు లాగేసి చూద్దాం అనుకుంటే ఎముకలు విరుగుతాయి.

స్పోకుల చక్రాలకు నడుమ ఉండే స్పిన్నర్ నట్టు ఎడమవైపు మామూలు థ్రెడ్, కుడివైపు తిరగేసిన థ్రెడ్. రెండు హబ్‌లు అటూ ఇటూ మారితే నడుస్తుండగా నట్టు తనంతట తానే వదులై చక్రం ఊడుతుంది. హబ్ మీది పళ్లకు (స్ప్లైన్లు) గ్రీజు రాసి, రాగి సుత్తితోనో తోలు సుత్తితోనో బిగించండి. ఇనప సుత్తి క్రోమ్‌ని చీలుస్తుంది.

సిల్ కోసేముందు కొలవండి

సిల్ అంటే తలుపు కింద అలంకారం కాదు, ఓపెన్ ఎంజీబీకి వెన్నెముక అదే. తుప్పు పట్టిన సిల్ కోయగానే బాడీ నడుం దగ్గర వంగుతుంది. అలా వంగి ఉండగానే కొత్త సిల్ వెల్డింగ్ చేస్తే ఆ వంకర శాశ్వతం, తలుపు ఇక జన్మలో సరిగ్గా పడదు. తలుపు సందు ముందూ వెనకా ఎంతుందో కొలిచి రాసుకోండి. తలుపుకి అటూ ఇటూ ఉన్న రెండు స్తంభాల మధ్య అడ్డంగా ఇనప కడ్డీ బిగించండి. ఒకవైపు పూర్తిగా ముగించాకే రెండోవైపు ముట్టుకోండి. మధ్యమధ్యలో తలుపు వేసి చూస్తుండండి.

వెల్డింగుకి ముందు బ్యాటరీతోపాటు ఆల్టర్నేటర్ ప్లగ్ కూడా తీసేయండి. పెట్రోలు పైపు, సెల్ఫ్‌కి పోయే లావు తీగ నేల కిందుగానే ముందుకి వెళ్తాయి. నేల రేకుకు పైనుంచి వెల్డింగ్ చేస్తూ కింద ఏముందో మరిచిపోకూడదు. ఇంకొకటి: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకు మీద వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ పుడుతుంది. అది విషవాయువు. డబ్బా మీద క్లోరిన్ లేనిదని ఉంటేనే కొనండి, అదైనా పూర్తిగా ఆరాకే వెల్డింగ్ మొదలుపెట్టండి.

బ్రేకులు

పాత బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లు, గాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. బ్రిటన్‌లో దానిపై పూర్తి నిషేధం వచ్చింది 1999లో. డ్రమ్ము తీయగానే గాలి కొట్టడం, నోటితో ఊదడం, పొడి బ్రష్షుతో దులపడం ఏవీ చేయొద్దు. సన్నటి ధూళిని ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్కు పెట్టుకుని, తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టేయండి.

డాట్ 4 బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. తుడవడం కాదు, నీళ్లు పోసి కడగాలి. సిలికాన్‌తో ఉండే డాట్ 5ని దీంతో కలపకూడదు.

పానాలు

ఇండియా నుంచి తెచ్చుకున్న మిల్లీమీటర్ల సెట్టు పక్కన పెట్టేయండి. ఈ బండికి కావాల్సింది అంగుళాల ఏఎఫ్ సైజులు, అంటే నట్టు ఎదురెదురు చదును ముఖాల మధ్య కొలత. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా పడుతుంది, ఒకట్రెండు సార్లు తిరుగుతుంది కూడా. తుప్పు పట్టిన నట్టు మీద మాత్రం మూలలు అరగదీసి, పని రెండు రోజులకు సాగదీస్తుంది.

అప్‌గ్రేడ్ మోజు

పాతది బాగుచేయకుండా కొత్తది తగిలించడమే ఇంటి మెకానిక్కులు ఎక్కువగా చేసే పొరపాటు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేసినంత మాత్రాన డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు ఆట పోదు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టినా పూడుకుపోయిన రేడియేటర్ తెరుచుకోదు. ముందు ట్యాపెట్ల సందు ఇంజిన్ చల్లగా ఉండగా 0.015 అంగుళాలు, ప్లగ్గులది 0.025, డిస్ట్రిబ్యూటర్ పాయింట్లది 0.015 దగ్గర పెట్టి బండి ఎలా నడుస్తుందో చూడండి. సగం అప్‌గ్రేడ్ల అవసరం అక్కడే తీరిపోతుంది. ఇంజిన్ పవర్ పెంచాలనుంటే బ్రేకుల తర్వాతే. వేరే ఇంజిన్ వేస్తే డీవీఎల్‌ఏకి చెప్పాలి. మార్పు మరీ పెద్దదైతే 40 ఏళ్ల బళ్లకున్న ఎంఓటీ (ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష) మినహాయింపు పోవచ్చు.

రబ్బరు పైపులు మార్చడాన్ని మాత్రం వాయిదా వేయకండి. 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలు ఈ10, అంటే 10 శాతం దాకా ఇథనాల్ కలిసినది. అందులోని ఇథనాల్ పాత రబ్బరుని ఉబ్బించి పగలగొడుతుంది. ఇథనాల్‌ని తట్టుకునే ఆర్9 రకం పైపులు వేసి, ఈ5 ఉండే సూపర్ గ్రేడ్ పోయించండి. హైదరాబాదులోనో విజయవాడలోనో పాత బండి ఉన్నవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం, అక్కడి బంకుల్లో వచ్చేది ఈ20.

మార్చిలో మొదటిసారి

నేరుగా తాళం తిప్పి స్టార్ట్ చేయకండి. నెలల తరబడి ఆగిన ఇంజిన్‌లో బేరింగుల మీది ఆయిల్ కిందికి జారిపోయి ఉంటుంది. కొత్త 20డబ్ల్యూ50 ఆయిల్ పోసి, నాలుగు ప్లగ్గులూ తీసి, కాయిల్ సన్నతీగ ఊడదీసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారి పది సెకన్లు మించకుండా, మధ్యలో విరామం ఇస్తూ. అప్పుడు ప్లగ్గులు బిగించి, బండిని బయటికి తోసి స్టార్ట్ చేయండి. తలుపు తెరిచి ఉన్నా సరే, గ్యారేజీలో ఇంజిన్ నడపొద్దు. వేడెక్కిన ఇంజిన్ రోడ్డు మీద 50 నుంచి 80 పీఎస్‌ఐ ఆయిల్ ప్రెషర్ చూపించాలి. మొదటి నాలుగైదు మైళ్లు తిప్పి తెచ్చాక స్పిన్నర్ నట్లు మళ్లీ బిగించి, బ్రేక్ పైపుల ప్రతి జాయింటూ పొడి టిష్యూతో తుడిచి చూడండి. తడి అంటితే బండి మళ్లీ స్టాండ్ల మీదికే.