పాత స్పోర్ట్స్ కారు బాగుచేస్తున్నారా? ముందు పెట్రోల్ పైపు మార్చండి

నాలుగేళ్లు ఓపికగా కూర్చుని తయారుచేసుకున్న కారు, మొదటిసారి స్టార్ట్ చేసిన రోజే తగలబడిపోయింది. ఈ మధ్య నా మిత్రుడికి జరిగిందిది. అదృష్టం, మనిషికి ఏమీ కాలేదు. ఇంజిన్ మొత్తం కొత్తగా కట్టాడు, పెయింటు అద్దంలా ఉంది, సీట్లకు కొత్త తోలు. మార్చనిది ఒక్కటే: పంపు నుంచి కార్బ్యురేటర్‌కి (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి ఇచ్చే భాగం) వెళ్లే జానెడు రబ్బరు పైపు. "పైకి బాగానే ఉంది కదా" అని వదిలేశాడు.

గ్లోవ్స్, కళ్లజోడు లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. ఈ పైపు గురించే చెబుతాను, ఎందుకంటే ఇదే తప్పు ఇంకొందరు చేయగా కూడా చూశాను.

ట్యాంకు దగ్గర అదే వయసు పైపు ముక్క ఒకటి కాలకుండా మిగిలింది. చేతిలోకి తీసుకుంటే నల్లగా, నున్నగా ఉంది. మడిచాను. మడత మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు వరసగా విచ్చుకున్నాయి. లోపల గోరుతో గీకితే రబ్బరు మెత్తగా, మసిలా వేలికి అంటుకుంది. 1960లు, 70ల నాటి రబ్బరు ఇప్పటి పెట్రోల్ కోసం చేసింది కాదు. ఇప్పుడు చాలా దేశాల్లో పెట్రోల్‌లో 10 శాతం, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ ఇథనాల్ కలుపుతున్నారు. అది పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. కారు ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే ఆ రబ్బరే ఎండి పగులుతుంది.

ఎంజీబీ, డాట్సన్ 240జెడ్ లాంటి కార్లలో ఇంకో చిక్కుంది. కార్బ్యురేటర్లు, వేడి పొగను బయటికి తీసుకెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డు ఇంజిన్‌కి ఒకే వైపు ఉంటాయి. పైన పెట్రోల్, దాని కిందే మండిపోయే ఇనుము. పైపు చుక్క వదిలితే ఎక్కడ పడుతుందో ఆలోచించండి.

మార్పులు చేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కార్బ్యురేటర్‌కి మూడు, నాలుగు పీఎస్ఐ (టైరు గాలి కొలిచే కొలతే) ఒత్తిడి చాలు. దాని బదులు పెట్రోల్‌ని ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ పెడితే అది 40 పీఎస్ఐ దాటుతుంది. కార్బ్యురేటర్ పైపునే ఇంజెక్షన్‌కి తగిలిస్తే చుక్కలు కాదు, పిచికారీ కొట్టినట్టు చిమ్ముతుంది. పైపు మీద ఇంజెక్షన్‌కి పనికొస్తుందని రాసి ఉండాలి, ఎస్ఏఈ 30ఆర్9 లాంటి గుర్తు చూసి కొనండి. క్లిప్పులు కూడా దానికి సరిపడేవే వేయండి. ఎలక్ట్రిక్ పంపుకు నేరుగా కీ నుంచి వైరు లాగొద్దు. గుద్దుకున్నప్పుడు ఇంజిన్ ఆగిపోయినా పంపు పెట్రోల్ తోడుతూనే ఉంటుంది. దాన్ని ఆపే ఇనర్షియా స్విచ్ పెట్టించండి.

బ్రేకుల సంగతీ అంతే. పాత రబ్బరు హోస్ లోపల ఉబ్బి, పెడల్ వదిలినా చక్రాన్ని పట్టేస్తుంది. హార్స్‌పవర్ పెంచాలనుకుంటే ముందు బ్రేకులు, తర్వాతే ఇంజిన్. బ్రేక్ ఆయిల్ రకాల్లో డాట్ 5 సిలికాన్ ఆయిల్, డాట్ 5.1 గ్లైకాల్ ఆయిల్, పేర్లు దగ్గరగా ఉన్నాయని కలిపేయొద్దు.

ఇక మిగిలినవి, గుర్తొచ్చిన వరసలో:

ఖాళీ ట్యాంకుకు వెల్డింగ్ పెట్టొద్దు, లోపల మిగిలిన ఆవిరి చాలు పేలడానికి. టాప్ లేని కారు సిల్స్ (తలుపుల కింద బాడీని మోసే ఇనుప భాగాలు) కోసే ముందు తలుపుల సందులకు అడ్డంగా ఇనుప రాడ్లు బిగించండి, లేదంటే బాడీ మధ్యలో కుంగి తలుపులు మళ్లీ పట్టవు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట వెల్డింగ్ అసలు వద్దు, ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. పాత బ్రేక్ షూల దుమ్మును గాలితో ఊదొద్దు, అందులో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకి దూరొద్దు. వెల్డింగ్ అయ్యాక ఎక్కడైనా నిప్పు రాజుకుంటుందేమో చూస్తూ గంటసేపు అక్కడే ఉండండి. టైరు పక్కన అచ్చువేసి ఉండే డాట్ కోడ్ (తయారీ వివరాల గుర్తు) చివర మూడు అంకెలే ఉంటే అది 2000కి ముందుది, గీతలు ఎంత లోతుగా ఉన్నా తీసేయండి. పెట్రోల్ పైపు మార్చారా? అన్నీ మార్చారా? ట్యాంకు దగ్గరున్నది, కార్బ్యురేటర్ల మధ్యలో ఉండే బుల్లి ముక్క కూడా?

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఒంటరిగా ఉండొద్దు. కారు ఆరుబయటికి తోయండి. బానెట్ తెరిచి, పెట్రోల్ మంటలు ఆర్పే సిలిండర్ పట్టుకుని ఒకరు పక్కన నిలబడాలి. ఎలక్ట్రిక్ పంపైతే ముందు దాన్ని మాత్రమే ఆన్ చేసి, ప్రతి జాయింటునూ టిష్యూ కాగితంతో తుడిచి చూడండి. కాగితం తడిస్తే సెల్ఫ్ కొట్టొద్దు. వాసన వచ్చినా కొట్టొద్దు. పైపు మార్చిన తేదీ టేపు మీద రాసి బానెట్ లోపలివైపు అంటించండి. ఐదేళ్లు దాటితే, ఎంత బాగా కనిపించినా, మళ్లీ మార్చండి.