ఫోన్‌తో ఫోటోలు, 6వ పాఠం: మెరుపును అదుపులో పెట్టడం

కిందటి పాఠంలో కిటికీ వెలుగులో ముఖం తీశాం. ఈసారి మెరిసే వస్తువులు.

ఎండలో చందువ చేపను ఫోటో తీస్తే చాలామందికి ఒక తెల్ల మచ్చే మిగులుతుంది, పొలుసులు కనిపించవు. తప్పు ఫోన్‌ది అనుకుంటారు. నిజానికి ఆ మచ్చ సూర్యుడి ప్రతిబింబం. క్యారమ్స్‌లో అంచుకు తగిలిన కాయిన్‌లా, నున్నటి చోట పడ్డ వెలుగు ఏ కోణంలో వస్తే అదే కోణంలో అవతలికి పోతుంది. ఆ దారిలో మీ లెన్స్ ఉందంటే మచ్చ పడినట్టే. ఒక అడుగు పక్కకు జరగండి, మచ్చ కూడా జరుగుతుంది.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి పొద్దున్నే వెళ్ళండి. "అమ్మా, ఆ చేపని కాస్త నీడలో పెడతారా?" అని అడగండి. ఎండ తగలకుండా, పైన ఆకాశం మాత్రం కనిపించే చోటు కావాలి. అప్పుడు చేప మీద పడేది అంత పెద్ద ఆకాశపు వెలుగు. చర్మంలో పొరలు పొరలుగా ఉండే గ్వానిన్ అనే పదార్థపు సన్నటి పలకల వల్లే చేపకు ఆ వెండి రంగు. నీడలో అది మెత్తగా పరుచుకుని, మొప్ప పక్కన గులాబీ ఛాయ కూడా దొరుకుతుంది. ఫోన్ తెర మీద మెరిసే చోట వేలు పెట్టి, వెలుగు కొంచెం తగ్గించి తీయండి.

ఇక నీళ్ళు. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. నిట్టనిలువుగా కిందికి చూస్తే నీటి మీద నుంచి 2 శాతం వెలుగే తిరిగొస్తుంది, అడుగు కనిపిస్తుంది. చూపు ఏటవాలయ్యేకొద్దీ నీళ్ళు అద్దమైపోతాయి. తెన్నేటి పార్కు కింద రాళ్ళ మధ్య నిలిచిన నీళ్ళ దగ్గర, లెన్స్ ముందు పోలరైజ్డ్ కళ్ళజోడు (నీళ్ళ లాంటి వాటి మీద మెరుపును ఆపే చలువ కళ్ళజోడు) పెట్టండి. చూపు నీటి మట్టానికి 37 డిగ్రీల దగ్గర ఉంటే మెరుపు దాదాపు మాయమైపోతుంది. ఈ కోణం లెక్కను 1815లో స్కాట్లాండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ తేల్చాడు.

జగదాంబ జంక్షన్ దగ్గర షాపు అద్దం వెనక చీరలు తీయాలంటే పక్కనుంచి, అద్దానికి సుమారు 34 డిగ్రీల్లో నిలబడండి. కానీ కళ్ళజోడును నిలువుగా తిప్పాలి, ఎందుకంటే ఇక్కడ అద్దం నిలువుగా ఉంది. చాలామంది ఇది మర్చిపోయి, పనిచేయడం లేదంటారు.

స్టీలు గిన్నెలు, ఇత్తడి బిందెల మీద మాత్రం ఈ కిటుకు పెద్దగా పనిచేయదు. లోహం మీద మెరుపును కళ్ళజోడు ఆపలేదు. వాటికి నీడే దారి.

వచ్చే వారానికి: ఒకే బిందెను ఎండలో, నీడలో, తెల్ల దుప్పటి పక్కన పెట్టి మూడు ఫోటోలు తీయండి. 7వ పాఠం వాటితోనే మొదలవుతుంది.